నలభై బల్లలకు ఎనభై పోర్టులు: ఒక రీడింగ్ హాలు యూఎస్‌బీ ఛార్జింగ్ ఏర్పాటుపై కేస్ స్టడీ

హైదరాబాదు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం నడిచే ఒక ప్రైవేటు రీడింగ్ హాలుకు ఛార్జింగ్ ఏర్పాటు చేసే పని నాకు వచ్చింది. హాలులో నలభై బల్లలున్నాయి. అది ఉదయం ఐదింటికి తెరిస్తే రాత్రి పదకొండు దాకా నడుస్తుంది. యజమాని కోరిక ఒక్క మాటలో తేలిపోయింది: "సార్, ఎవరు ఏ ఫోన్ తెచ్చినా ఛార్జింగ్ ఎక్కాలె, అడాప్టర్లు మాత్రం కనబడొద్దు." ఆ మాటలోని మొదటి సగం తేలికైనదనీ, రెండో సగమే కష్టమనీ ఆయన అనుకున్నారు. పని మొదలయ్యాక తెలిసింది, కష్టమంతా మొదటి సగంలోనే ఉందని.

అప్పటికి అక్కడ గోడల వెంబడి ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వాటికి వదులుగా వేలాడే రెండు పిన్నుల అడాప్టర్లు ఉండేవి. లోహపు చట్రం ఉన్న ఫోన్‌ను ఛార్జింగ్‌లో ఉండగా ముట్టుకుంటే వేళ్లకు సన్నని జలదరింపు తగులుతోందని విద్యార్థులు చెప్పేవారు. ఎర్తు లేని రెండు పిన్నుల అడాప్టర్లలో, ప్రాథమిక, ద్వితీయ వలయాల మధ్య ఉండే చిన్న కెపాసిటరు గుండా కారే కరెంటు వల్ల అలా జరుగుతుంది. ప్రమాదకరమైన మోతాదు కాకపోయినా, పుస్తకం ముందు కూర్చున్న మనిషికి అది చిరాకే.

నమూనా గీయడానికి ముందు వారం రోజులు హాలులో కూర్చుని ఎవరి దగ్గర ఏ పరికరం ఉందో రాసుకున్నాను. టైప్-సి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు ఎక్కువ. లైట్నింగ్ సాకెట్టున్న పాత ఐఫోన్లు కొన్ని, మైక్రో-బి ఉన్న కీప్యాడ్ ఫోన్లు కొన్ని ఉన్నాయి. పరీక్షలు దగ్గర పడ్డప్పుడు స్మార్ట్‌ఫోన్‌ను ఇంట్లో వదిలి కీప్యాడ్ ఫోన్‌తో వచ్చేవాళ్లు ఉంటారని అక్కడే తెలుసుకున్నాను. ఇవి కాక ట్యాబ్లెట్లు, ఇయర్‌బడ్‌లు, పవర్ బ్యాంకులు, చేతిగడియారాలు, రీఛార్జబుల్ చదువు దీపాలు కనిపించాయి. ల్యాప్‌టాప్‌లు వేళ్ల మీద లెక్కించదగినన్నే ఉండడంతో, వాటికి 230 వోల్టుల సాకెట్లతో ఒక బల్లను ఆ నలభై కాక విడిగా వేయించి ఈ నమూనా నుంచి తప్పించాను. ఆ నిర్ణయానికి తరువాత జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

రెండు పోర్టులు ఎందుకు

ఐరోపా సమాఖ్య 2022లో చేసిన ఆదేశం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకూ, ట్యాబ్లెట్లకూ టైప్-సి తప్పనిసరి అయింది. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. ఆపిల్ కూడా 2023లో ఐఫోన్ 15 నుంచి టైప్-సికి మారింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఐఎస్/ఐఈసీ 62680-1-3:2022 పేరుతో అదే ప్రమాణాన్ని స్వీకరించింది. ఇవన్నీ చూసి, బల్లకు ఒక్క టైప్-సి పెడితే చాలదా అని యజమాని అడిగారు. నా మొదటి ఆలోచన కూడా అదే. దాన్ని మార్చింది ఒక ఇయర్‌బడ్ డబ్బా.

టైప్-సి సాకెట్టులో 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. తీగకు అవతల పరికరం ఉందని నిర్ధారణ అయ్యేదాకా పోర్టు విద్యుత్తు ఇవ్వకూడదన్నది నియమం. నిర్ధారణ సీసీ అనే పిన్ను ద్వారా జరుగుతుంది. పరికరం తన రెండు సీసీ పిన్నుల నుంచి భూమికి (వలయంలోని సున్నా వోల్టుల తీగకు) చెరొక 5.1 కిలోఓముల నిరోధకం పెట్టుకోవాలి. పోర్టు ఆ పిన్ను మీదికి చిన్న కరెంటు పంపి, ఎంత వోల్టేజి తేలిందో చూసుకుంటుంది. 3 ఆంపియర్లు ఇవ్వగల పోర్టు 330 మైక్రోఆంపియర్లు పంపుతుంది కాబట్టి అక్కడ సుమారు 1.7 వోల్టులు కనిపిస్తాయి. పరికరం కూడా అదే వోల్టేజిని చదివి, తాను 3 ఆంపియర్ల దాకా తీసుకోవచ్చని గ్రహిస్తుంది. రెండు నిరోధకాల ఖర్చు పైసల్లో ఉంటుంది, అయినా చవక ఇయర్‌బడ్‌లు, ట్రిమ్మర్లు, దీపాలు చేసేవారు చాలామంది ఆ పైసలనూ మిగుల్చుకుంటారు. అటువంటి పరికరానికి సాకెట్టు టైప్-సిదే ఉంటుంది కానీ, రెండు చివరలా టైప్-సి ఉన్న కేబుల్‌తో పెడితే పోర్టుకు అవతల ఎవరూ ఉన్నట్టు తెలియదు. ఒక చివర టైప్-ఎ, అంటే చదునైన పెద్ద యూఎస్‌బీ, ఉన్న పాత కేబుల్‌తో మాత్రమే అది ఛార్జి అవుతుంది, ఎందుకంటే టైప్-ఎ సాకెట్టులో 5 వోల్టులు అడగకుండానే ఉంటాయి.

చవక సరుకు చేసేవారినే తప్పుపట్టడం న్యాయం కాదు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు బోర్డు మొదటి విడతలో రెండు సీసీ పిన్నులనూ కలిపి ఒకే నిరోధకానికి కట్టారు. మామూలు కేబుల్‌తో పనిచేసిన ఆ బోర్డును, లోపల గుర్తింపు చిప్ ఉన్న మంచి కేబుల్‌తో కలిపితే ఛార్జర్లు ఆడియో పరికరంగా పొరబడి విద్యుత్తు ఇవ్వలేదు. ఖరీదైన కేబుల్‌తో పనిచేయనిది, చవక కేబుల్‌తో పనిచేసింది.

అందువల్ల బల్లకు ఒక టైప్-సి, ఒక టైప్-ఎ అని నిర్ణయించాను. సాకెట్టు ఆకారం కలిసినంత మాత్రాన పోర్టు సార్వత్రికం కాదు. కరెంటు ప్రవహించే ముందు పరికరానికీ పోర్టుకీ మధ్య ఒక సంప్రదింపు జరుగుతుంది. ఆ సంప్రదింపు ఏ భాషలో వచ్చినా అర్థం చేసుకుని, అర్థం కానప్పుడు 5 వోల్టుల దగ్గరే ఆగిపోయే పోర్టే నా దృష్టిలో సార్వత్రికం. చాలామంది ఇప్పటికీ 3 ఆంపియర్ల పోర్టుకు చిన్న ఫోన్ పెడితే కాలిపోతుందని భయపడతారు. కరెంటును పోర్టు తోయదు, పరికరమే తనకు కావలసినంత లాక్కుంటుంది. పోర్టు తప్పు చేయగలిగింది వోల్టేజి విషయంలోనే.

టైప్-ఎ పోర్టు మాట్లాడవలసిన పాత భాషలు

కొత్తదైన టైప్-సి కన్నా పాతదైన టైప్-ఎ నాకు ఎక్కువ పని చెప్పింది. యూఎస్‌బీ 2.0లో కంప్యూటరు పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. గోడ ఛార్జరును కంప్యూటరు నుంచి వేరుగా గుర్తించడానికి 2010లో వచ్చిన బ్యాటరీ ఛార్జింగ్ 1.2 నియమావళి ఒక సులువైన సంకేతం పెట్టింది: డేటా తీగలైన డీ ప్లస్, డీ మైనస్‌లను ఛార్జరు లోపలే 200 ఓములకు మించని నిరోధంతో కలిపేస్తే చాలు. ఫోన్ డీ ప్లస్ మీద సుమారు 0.6 వోల్టులు పెట్టి, అవే డీ మైనస్ మీద కనిపిస్తే ఇది ఛార్జరేనని నమ్మి 1.5 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. చైనా ప్రమాణం కూడా ఇదే పద్ధతి అనుసరించింది. ఆపిల్ వేరే దారి పట్టింది. ఆ ఛార్జర్లలో రెండు డేటా తీగల మీదా స్థిరమైన వోల్టేజిలు ఉంటాయి. డీ ప్లస్ మీద 2.0, డీ మైనస్ మీద 2.7 వోల్టులుంటే 1 ఆంపియరు అనీ, అవి తారుమారైతే 2.1 ఆంపియర్లనీ, రెండింటి మీదా 2.7 ఉంటే 2.4 ఆంపియర్లనీ అర్థం. శామ్‌సంగ్ పాత ట్యాబ్లెట్లు రెండు తీగల మీదా 1.2 వోల్టులు చూస్తేనే పూర్తి కరెంటు తీసుకునేవి.

మొదటి నమూనాను ఐదు బల్లలకు పెట్టినప్పుడు నేను తీగలు కలిపేసి ఊరుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్లు బాగానే ఎక్కాయి, ఒక పాత ఐప్యాడ్ మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా పెట్టినా నిండలేదు. దాని కోసం 5 వోల్టుల నుంచి 43.2, 49.9 కిలోఓముల జతతో 2.7 వోల్టులు తీసి రెండు తీగలకూ ఇచ్చాను. ఐప్యాడ్ సంతోషించింది. నిన్నటిదాకా బాగున్న ఆండ్రాయిడ్ ఫోన్లు ఇప్పుడు దీన్ని కంప్యూటరు పోర్టనుకుని 500 మిల్లీఆంపియర్లకు పడిపోయాయి. స్థిరమైన నిరోధకాలతో ఇద్దరినీ మెప్పించడం సాధ్యం కాదు. చివరకు ఈ పని కోసమే తయారయ్యే చిన్న చిప్ వాడాను. అది మొదట 2.7 వోల్టుల ముఖం చూపిస్తుంది, అవతలి పరికరం డేటా తీగలను ఎలా లాగుతోందో గమనిస్తుంది, అవసరమైతే తీగలు కలిపే పద్ధతికో 1.2 వోల్టుల పద్ధతికో మారుతుంది. ఆరు కాళ్ల ఆ ముక్కను మొదటి రోజే పెట్టి ఉంటే నాకు రెండు వారాలు మిగిలేవి.

డేటా తీగలు ఆ చిప్ దగ్గరే ఆగిపోతాయి, వాటికి ఏ కంప్యూటరుతోనూ సంబంధం లేదు. ఛార్జింగ్ కేబుల్ ద్వారా సమాచారం దొంగిలించే మోసం గురించి రిజర్వు బ్యాంకు 2022లోనే ప్రజలను హెచ్చరించింది కనుక, కొందరు విద్యార్థులు ఈ ప్రశ్న వేశారు. బోర్డు విప్పి చూపించాను.

కేబుళ్లు వేరే కథ. టైప్-ఎ నుంచి టైప్-సికి వెళ్లే కేబుల్ లోపల 56 కిలోఓముల నిరోధకం ఉండాలని ప్రమాణం. అది ఉంటే ఫోన్ కేబుల్ మాటను బట్టి హద్దు మీరదు. 10 కిలోఓములు పెట్టిన తప్పుడు కేబుల్ అయితే, అవతల 3 ఆంపియర్ల మూలం ఉందని ఫోన్‌ను నమ్మిస్తుంది. 2015, 16 సంవత్సరాల్లో గూగుల్ ఇంజనీరు బెన్సన్ లియాంగ్ ఇలాంటి కేబుళ్లను ఒక్కొక్కటిగా కొని పరీక్షించి ఫలితాలు బయటపెట్టారు. ఆ క్రమంలో తీగలు తారుమారైన ఒక కేబుల్ ఆయన క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది. మా హాలులో అంత ఘోరం జరగలేదు గానీ, 10 కిలోఓముల కేబుల్ ఒకటి వచ్చి, నా పోర్టు నుంచి 3 ఆంపియర్లు లాగబోయింది. పరిమితి దాటగానే పోర్టు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగి, ఫోన్ కొన్ని సెకన్లకొకసారి వెలుగుతూ ఆరుతూ కూర్చుంది. పరిమితి దాటితే పూర్తిగా ఆపే స్విచ్చుకు బదులు, కరెంటును అదే హద్దు దగ్గర పట్టి ఉంచి వోల్టేజిని జారనిచ్చే స్విచ్చును పెట్టాను. వోల్టేజి జారడం చూసి ఫోన్ తనంతట తానే తగ్గుతుంది.

24 వోల్టుల వరుస

బల్లబల్లకూ 230 వోల్టులు తీసుకువెళ్లడం నాకు ఇష్టం లేదు. హాలులో నాలుగు వరుసలు, వరుసకు పది బల్లలు. ప్రతి వరుసకూ గోడ దగ్గర బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉన్న 350 వాట్ల, 24 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్ (230 వోల్టుల ఏసీని తక్కువ వోల్టేజి డీసీగా మార్చే పెట్టె) ఒకటి పెట్టి, అక్కడి నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వరుస పొడవునా నడిపాను. ఎస్‌ఎమ్‌పీఎస్ రుణ కొసను ఎర్తుకు కట్టడంతో వేళ్ల జలదరింపు సమస్య కూడా పోయింది.

బల్లకు 27 వాట్లని పరిమితి పెట్టుకున్నాను. టైప్-సి ఒక్కటే వాడితే పవర్ డెలివరీ పద్ధతిలో (ఫోన్, పోర్టు మాట్లాడుకుని వోల్టేజి తేల్చుకునే నియమం) 5 వోల్టులు లేదా 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, అంటే పూర్తి 27 వాట్లు దానికే. టైప్-ఎ కూడా పనిలో ఉంటే దానికి 12, టైప్-సికి 15 వాట్లు. బల్ల కింద 24 వోల్టులను తగ్గించే బక్ కన్వర్టరు సామర్థ్యం 92 శాతం అనుకుంటే బల్ల లాగేది 29.3 వాట్లు, పది బల్లలకు 293, కరెంటు 12.2 ఆంపియర్లు. పది మీటర్ల తీగ రాను పోను నిరోధం సుమారు 0.15 ఓములు. భారం వరుస పొడవునా పంచి ఉంటుంది కాబట్టి చివరి బల్ల దగ్గర పడిపోయేది ఒక వోల్టు లోపే. బల్ల కింద బక్ కన్వర్టరు ఉన్నప్పుడు 23 వోల్టులు వచ్చినా 24 వచ్చినా తేడా లేదు.

ఇదే లెక్క పోర్టుకు ఇవతల, ఫోన్ కేబుల్‌లో చేస్తే ఎంతో తేడా ఉంటుంది. చవక కేబుల్‌లో ఉండే 28 గేజీ తీగ మీటరుకు 0.21 ఓములు, రాను పోను 0.43. 2 ఆంపియర్ల దగ్గర 0.85 వోల్టు కేబుల్‌లోనే కరిగిపోతుంది. టైప్-ఎ పోర్టులో 5.15 వోల్టులు పెట్టినా ఫోన్‌కు చేరేది 4.3, అప్పుడు ఫోన్ కరెంటు తగ్గించుకుంటుంది. అదే 10 వాట్లను 9 వోల్టుల దగ్గర పంపితే కరెంటు 1.1 ఆంపియర్లు, పడిపోయేది అర వోల్టు లోపు, అదీ తొమ్మిదిలో. వోల్టేజి పెంచుకునే పద్ధతి ఎందుకు వచ్చిందో విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

24 వోల్టులు తేవడంలో ఒక అపాయం ఉంది, దాని గురించే నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాను. బక్ కన్వర్టరులో పై మోస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరు) చెడిపోతే అది సాధారణంగా షార్టు అవుతుంది, తెరుచుకోదు. అప్పుడు 24 వోల్టులు సూటిగా 5 వోల్టుల ఫోన్‌లోకి వెళ్తాయి. టైప్-సి వైపు కన్వర్టరుకూ సాకెట్టుకూ మధ్య రెండు మోస్‌ఫెట్ల ద్వారం ఎలాగూ ఉంటుంది కాబట్టి, ఒప్పుకున్న వోల్టేజి దాటగానే పవర్ డెలివరీ కంట్రోలరు దాన్ని మూసేస్తుంది. టైప్-ఎ వైపు అలాంటిది లేదు. అక్కడ 6 వోల్టులు దాటితే తెంచేసే, 28 వోల్టులు తట్టుకునే రక్షణ స్విచ్చు ఒకటి చేర్చి, బల్ల ప్రవేశం దగ్గర 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. కాగితం మీద నమ్మకుండా, వర్క్‌షాపులో ఒక బోర్డు పై మోస్‌ఫెట్‌ను ఇనుప పట్టకారుతో షార్టు చేసి, ఒక పాత ఫోన్‌ను పోర్టుకు కట్టి చూశాను. ఫ్యూజు పోయింది, ఫోన్ బతికింది. ఈ పరీక్షను మూడు బోర్డుల మీద చేశాక గానీ హాలులో పెట్టడానికి ఒప్పుకోలేదు.

నిశ్శబ్దం తెచ్చిన తంటా

నలభై బల్లలకూ బిగించిన రెండో రోజు యజమాని ఫోన్ చేశారు, హాలులో కీచురాయి కూస్తోందని. అది కీచురాయి కాదు, నా బోర్డులే. ఏ పరికరమూ లేనప్పుడు గానీ, ఇయర్‌బడ్ వంటి చిన్న భారం ఉన్నప్పుడు గానీ, విద్యుత్తు ఆదా కోసం బక్ కన్వర్టరు ఆగి ఆగి కొడుతుంది, అంటే దాని స్విచ్చులు కాసేపు పనిచేసి కాసేపు మానేస్తాయి. ఆ ఆగడం, కొట్టడం మనిషి చెవికి వినబడే పౌనఃపున్యంలోకి దిగినప్పుడు సిరామిక్ కెపాసిటర్లు వ్యాకోచిస్తూ సంకోచిస్తూ బోర్డును డప్పులా మోగిస్తాయి. మా వర్క్‌షాపులో ఫ్యాను చప్పుడులో అది నాకు వినబడలేదు. ఫ్యాన్లు ఆపి చలికాలం పొద్దున్నే చదువుకునే హాలులో మాత్రం నలభై బోర్డుల రొద స్పష్టంగా వినిపించింది.

కన్వర్టరును చిన్న భారంలోనూ ఆగకుండా కొట్టే పద్ధతికి మార్చాను. దాంతో ఊరికే ఖర్చయ్యే విద్యుత్తు కొంచెం పెరిగింది కాబట్టి, హాలు మూసే వేళకు నాలుగు ఎస్‌ఎమ్‌పీఎస్‌లనూ ఆపి ఉదయం తెరిచే టైమరు పెట్టాల్సి వచ్చింది. ఆ టైమరు నాలుగింటినీ ఒకేసారి వెలిగించడంతో, ఖాళీ కెపాసిటర్లు నిండేటప్పటి ఉరవడికి ఎమ్‌సీబీ (సర్క్యూట్ బ్రేకరు) పడిపోయింది. ఒకదాని తరువాత ఒకటి ఐదు సెకన్ల తేడాతో వెలిగేలా మార్చాక అది సర్దుకుంది. ఒక శబ్దం మాన్పడానికి చేసిన మందు మరో రెండు చోట్ల పని కల్పించింది.

శబ్దం ఇంకో రూపంలోనూ వచ్చింది. టైప్-ఎలో భారం పెరిగినప్పుడల్లా టైప్-సిని 27 నుంచి 15 వాట్లకు తగ్గిస్తానని చెప్పాను కదా, నిండబోతున్న ఇయర్‌బడ్‌లు కరెంటును తీసుకుంటూ మానుతూ ఉండడంతో పోర్టు మాటిమాటికీ తన మాట మార్చుకుంది. మారినప్పుడల్లా కొన్ని ఫోన్లు తెర వెలిగించి టింగుమన్నాయి. టైప్-ఎ 300 మిల్లీఆంపియర్లు దాటి రెండు సెకన్లు నిలిస్తేనే పంచుకోవడం మొదలవ్వాలని, 200 కంటే కిందికి దిగి ఐదు నిమిషాలు గడిస్తేనే తిరిగి 27కు వెళ్లాలని ఫర్మ్‌వేరులో (బోర్డును నడిపే ప్రోగ్రాములో) రాశాను. ఈ అంకెలు ఏ పుస్తకంలోనూ లేవు, హాలులో కూర్చుని తేల్చినవే.

అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ఫిర్యాదు మాత్రం నేను సరిచేయలేనిది. "అన్నా, ఇక్కడ పెడితే సూపర్ ఫాస్ట్ అని వస్తలేదు" అని ఒక అభ్యర్థి అడిగాడు. కొన్ని కంపెనీల అధిక వేగపు పద్ధతులు ఆ కంపెనీ అడాప్టరు, ఆ కంపెనీ కేబుల్ రెండూ కలిస్తేనే పనిచేస్తాయి. అవి లేనప్పుడు ఫోన్ మామూలు పవర్ డెలివరీకో, అదీ కుదరకపోతే 5 వోల్టులకో దిగివస్తుంది. వోల్టేజిని 20 మిల్లీవోల్టుల మెట్లలో మార్చుకునే పీపీఎస్ పద్ధతిని టైప్-సి పోర్టులో చేర్చాక కొన్ని ఫోన్లలో ఆ మాట కనిపించింది, కొన్నింటిలో ఇప్పటికీ కనిపించదు. పద్దెనిమిది గంటలు తెరిచి ఉండే హాలులో ఫోన్ అరగంటలో నిండకపోతే ఏమవుతుందని నేను అడిగితే, అతను నవ్వి, "ఏం కాదు గానీ, రావాలె కదా అన్నా" అన్నాడు. రావాలనే ఆ కోరికను కూడా ఇకమీద నమూనా లెక్కలో వేసుకుంటున్నాను.

వేసవిలో బల్ల కింది పెట్టె వేడి ఎక్కుతుందని ముందే ఊహించి దాన్ని రేకుతో చేయించి, కన్వర్టరును దానికి ఆనించాను. పూర్తి భారంలో లోపల కరిగేది రెండుంపావు వాట్లే అయినా, మూసిన ప్లాస్టిక్ పెట్టెలో అదే ఎక్కువ. బోర్డు 85 డిగ్రీలు దాటితే టైప్-సి దానంతట అదే 15 వాట్లకు తగ్గుతుంది.

నేను ముందు చూపుతో చేసినవాటిలో సాకెట్ల ఏర్పాటు అక్కరకు వచ్చింది. టైప్-సి సాకెట్టు 10,000 సార్లు పెట్టి తీసినా నిలవాలని ప్రమాణం. మామూలు రకం టైప్-ఎ సాకెట్టుకు ఆ సంఖ్య 1,500. రోజుకు ఐదుసార్లు వాడితే 300 రోజులకే ఆ లెక్క నిండుతుంది. అందుకని రెండు సాకెట్లనూ ప్రధాన బోర్డు మీద కాకుండా, రెండు స్క్రూలతో ఊడివచ్చే చిన్న పలక మీద అతికించాను. మొదటి ఏడాది చివర వదులైన టైప్-ఎ సాకెట్లను హాలు పనివాడే స్క్రూడ్రైవరుతో మార్చేశాడు, నన్ను పిలవలేదు.

ఇప్పుడు యజమాని ల్యాప్‌టాప్‌ల గురించి అడుగుతున్నారు, విడిగా పెట్టిన ఆ ఒక్క బల్ల దగ్గర వరుస కడుతున్నారట. 20 వోల్టులు, 3 ఆంపియర్లు ఇవ్వాలంటే బల్లకు 60 వాట్లు కావాలి. 24 వోల్టుల నుంచి 20 తీయడం కష్టం కాదు గానీ, వరుసలో ఉన్న 350 వాట్లకు అలాంటి ఐదు ల్యాప్‌టాప్‌లు చేరితే మిగతా ఐదు బల్లలకు పెద్దగా ఏమీ మిగలదు. పోర్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, వరుస మొత్తానికి ఉన్నదాన్ని పంచుకునేలా ఆ 24 వోల్టుల తీగతో పాటు ఒక సమాచార తీగ కూడా వేయాలి. మొదటిసారి పైపు వేసేటప్పుడు అందులో ఒక తీగకు చోటు ఖాళీగా వదిలాను, ఆ పని దానితోనే మొదలవుతుంది.